ఖాళీ బండిలో పెరిగిన అంకె

2020 మే నెల, లాక్‌డౌన్ రోజులు. జగిత్యాలలో మామిడికాయలు బయటి రాష్ట్రాలకు పంపే ఒక కంపెనీలో బండ్ల రాకపోకలు చూడటం నా ఉద్యోగం. మాకు ఆరు రీఫర్లుండేవి. రీఫర్ అంటే పండ్లను చల్లగా ఉంచే, గాలి చొరబడని డబ్బా ఉన్న లారీ. లోపలి సెన్సర్లు వేడి ఎంత, తలుపు తెరిచి ఉందా, కార్బన్ డయాక్సైడ్ ఎంత అన్న సంగతులను పది నిమిషాలకోసారి సిమ్ కార్డు ద్వారా నా కంప్యూటర్‌కు పంపేవి. మామిడికాయ కూడా మనలాగే ఊపిరి తీసుకుని కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. డబ్బాలో ఆ గ్యాస్ మరీ పెరిగితే కాయ పాడవుతుంది. ఈ సెన్సర్లు పెట్టాక దారిలో పాడైపోయే సరుకు బాగా తగ్గింది.

ఖాళీగా తిరిగొచ్చే బండికి గ్యాస్ అలారం ఆపేయడం మా అలవాటు. ఆ రోజు, నేను కాకా అని పిలిచే కొమురయ్య బండికి ఆపడం మర్చిపోయాను.

కొమురయ్యది కొడిమ్యాల. యాభై దాటిన డ్రైవరు, మాటకు నిలబడే మనిషి. ముంబైలో కాయలు దించి, కడిగిన డబ్బా ఫొటో కూడా పంపాడు. మరునాడు మధ్యాహ్నం, నాందేడ్ ఇంకా రాకముందే తలుపు తెరుచుకున్నట్టు కనపడింది. కాసేపటికి మూసుకుంది. ఫోన్ చేస్తే డబ్బా ఊడ్చుకున్నానన్నాడు. నమ్మాను.

తర్వాత గ్యాస్ అంకె పెరగడం మొదలైంది. అలారం మోగితే సెన్సర్ చెడిపోయిందనుకుని మోత ఆపేశాను. రెండో రీడింగ్, మూడోది, నాలుగోది. ప్రతిసారీ కొంచెం ఎక్కువే. కూలింగ్ ఆపేసిన డబ్బాలో వేడీ పెరుగుతోంది. చెడిపోయిన సెన్సర్ అంకె ఎగిరి దూకుతుంది, లేదా ఒకచోట ఆగిపోతుంది. ఇలా నిలకడగా ఎక్కదు. కాయలు లేని డబ్బాలో ఊపిరి తీసుకుంటున్నది ఎవరు? ఆ ప్రశ్న తట్టగానే కొమురయ్యకు ఫోన్ చేశాను.

రెండుసార్లు ఎత్తలేదు. మూడోసారికి ఎత్తాడు.

“కాకా, లోపల ఎంతమంది ఉన్నరు?”

“పదకొండు మంది బిడ్డా. మన సిరిసిల్ల దిక్కోల్లే. ముంబై పక్కన భివండి నుంచి నడుసుకుంట అస్తున్నరు. ఆల్ల కాళ్లు చూస్తే మనసున పట్టలే. ముందట చెక్‌పోస్టున్నది, గది దాటంగనే తీస్త.”

“అందాక ఆగద్దు కాకా. అండ్లకు గాలి రాదు. బండి పక్కకు ఆపి ఇప్పుడే తలుపు తియ్యి.”

ఫోన్ పెట్టేయకుండానే దిగాడు. తలుపు గడియ తీసిన చప్పుడు, ఆ వెంటనే దగ్గులు, ఏడుపులు విన్నాను. ఇద్దరు స్పృహ తప్పి ఉన్నారు. నీడలో పడుకోబెట్టి నీళ్లతో తుడిస్తే తేరుకోవడానికి అరగంట పట్టింది. ఆ అరగంటా నేను కుర్చీలో కూర్చోలేదు.

యజమానికి నేనే చెప్పాను. ఆయన ముందు కొమురయ్య మీద మండిపడ్డాడు. తర్వాత తనే చెక్‌పోస్టు అధికారులతో మాట్లాడాడు. వాళ్లు పేర్లు రాసుకుని, జ్వరం చూసి, సాయంత్రానికి ఒక బస్సులో అందరినీ ఇటు పంపారు. కొమురయ్యను నెల రోజులు బండి ఎక్కనివ్వలేదు. లోపలి నుంచి తలుపు తీసే పిడి ఆ బండికి ఎప్పుడో విరిగిపోయిందని అప్పుడే బయటపడింది. ఆరు బండ్లకూ కొత్తవి వేయించాం. ఖాళీ బండికి అలారం ఆపడం మానేశాం.

వారం తర్వాత గంభీరావుపేట నుంచి, ఆ పదకొండు మందిలో ఉన్న రాజవ్వ అనే ఆమె ఫోన్ చేసింది. స్పృహ తప్పిన ఇద్దరిలో ఒకరు ఆమె భర్త, భివండిలో మగ్గం నడిపేవాడు.

“తలుపు మస్తు కొట్టినం. ముందట కూసున్న డ్రైవర్‌కే ఇనరాలే. గంత దూరాన ఉన్న నీకెట్ల తెలిసింది బిడ్డా?”

సెన్సర్ సంగతి చెప్పాను. నలభై నిమిషాలు ఆ అంకెను చూస్తూ కూర్చున్నానని మాత్రం చెప్పలేకపోయాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు ఆ మాటే ముందు చెబుతాను. అంకె తేడాగా కనపడితే మొదట మనిషికి ఫోన్ చేయండి, ఎత్తేదాకా చేయండి. మెషీన్ చెడిందా లేదా అన్నది తర్వాత చూసుకోవచ్చు.