డ్రెస్సింగ్ గది రిజిస్టరు

కోదాడ దగ్గర మా ఊళ్లో అమ్మ నాట్లకు పోతే, నా తరువాత పుట్టిన ముగ్గురిని నేను ఎత్తుకోవాల్సి వచ్చేది. బడికి పోలేదు. అందుకే నలభై మూడేళ్ల దాకా నాకు రాయడం రాలేదు. సూర్యాపేటలో ఒక ప్రైవేటు దవాఖానలో ఆయాగా చేస్తూ, మధ్యాహ్నం పేషెంట్లు తగ్గాక, ల్యాబు అమ్మాయి దగ్గర మందుల అట్టపెట్టెల మీద అక్షరాలు దిద్దాను.

నిరుడు, గాయాలకు కట్లు కట్టే డ్రెస్సింగ్ గదిలో పనిచేసే అతను మిర్యాలగూడలో కొత్త దవాఖానకు వెళ్లిపోయాడు. పదేళ్లు అతని పక్కన నిలబడి దూది, కత్తెర అందించాను. ఆ పని నాకిమ్మని హెడ్ సిస్టర్‌ను అడిగాను.

"చేతిపని నీకొస్తది, నాకు తెల్వదా? మరి రిజిస్టరు ఎవరు రాస్తరు?"

"నేనే రాస్త సిస్టర్, తెలుగుల."

"వారం చెయ్యి. శనివారం డాక్టర్ సార్ రిజిస్టరు సూసి, పని నీకియ్యాల్నా వద్దా చెప్తడు. ఇది నిలబెట్టుకుంటే ఓపెన్ స్కూల్ల పదికి కట్టు. పది పాసైతే నర్సింగ్ అసిస్టెంట్ ట్రైనింగుకు పోవచ్చు. లేకుంటే మళ్ల బెడ్‌పాన్లే."

బెడ్‌పాన్లు ఎత్తడం నాకు నామోషీ కాదు. నడుము ఇంకెన్నేళ్లు ఒప్పుకుంటుందన్నదే బెంగ.

మా దవాఖానలో ఎవరినీ పేరుతో పిలవం. తుంగతుర్తి అమ్మ, హుజూర్‌నగర్ తాత అంటాం. రిజిస్టరులోనూ నేను అలాగే రాశాను. ఊళ్ల పేర్లు బోర్డుల మీద చూసి చూసి చేతికి వచ్చేశాయి. మనిషి పేరు రాయాలంటే ఆలస్యమయ్యేది, బెంచీ మీద జనం విసుక్కునేవారు.

శుక్రవారం "మేళ్లచెరువు, కాలి కుట్లు విప్పాలి" అన్నది చదివి, "మేళ్లచెరువు" అని కేకేశాను. ఒక లారీ డ్రైవరు వచ్చి కాలు చాపాడు. కట్టు విప్పి కత్తెర పట్టాక చూస్తే గాయం ఇంకా పచ్చిగానే ఉంది. కత్తెర ట్రేలో పెట్టేశాను.

"కుట్లు ఇయ్యాల విప్పమన్నరా అన్నా?"

"ఏమో అక్కా, నువ్వు పిలిస్తివి, నేనొస్తి. సిమెంటు ఫ్యాక్టరీల చేసేటాయన గూడ మా ఊరే, బయట కూసున్నడు. ఊరంతటినీ ఒక్కపారే పిలుస్తే ఎట్ల?"

అతను నవ్వాడు. అతనికి కొత్త కట్టు కట్టి, రెండో మనిషిని పిలిచి కుట్లు విప్పి, సిస్టర్‌కు నేనే చెప్పాను. ఆమె పేజీలు తిప్పింది.

"ఇది రిజిస్టరా, బస్సు బోర్డా? రేపు సార్ చూస్తడు. నేనైతే దాచిపెట్ట."

మరునాడు పొద్దున ఏడింటికే వెళ్లాను. పాత పేజీలు దిద్దలేదు. కొత్త పేజీ తీసి, బెంచీ మీద వాళ్ల పక్కన కూర్చుని, ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, ఊరు, గాయం అడిగి రాశాను. తొమ్మిదింటికి పదకొండు మంది అయ్యారు. సార్ రాగానే ముందు శుక్రవారం పేజీ తెరిచి జరిగింది చెప్పాను. తరువాత ఇవాళ్టి పేజీ చూపించాను.

ఆయన రెండూ చదివి, "ఇగ రోజూ ఇట్లనే రాయి. మొదటి మనిషిని పిలువమ్మా" అన్నాడు.

తలుపు దగ్గర నిలబడి, పేరూ తండ్రి పేరూ చూసి చదివి పిలిచాను.