ఎర్ర గచ్చు మీద బీరువా

కొత్తగా వేసిన లామినేట్ నేలకు ఒక వాసన ఉంటుంది. జిగురు, చెక్కపొడి, అట్ట విప్పని పుస్తకం కలిసినట్టుండే ఆ వాసన మొన్న చైతన్యపురిలోని మా ఫ్లాటులో, నా గదిలో, నాలుగు రోజులు నిలిచింది. మా అమ్మాయి సుజాత ముచ్చటపడి వేయించిన నేల అది, తేనెరంగులో నిగనిగలాడుతోంది. పని కోసం హాల్లోకి తెచ్చిన మా అమ్మ ఇనుప బీరువా మాత్రం హాల్లోనే మిగిలిపోయింది. దాని పదునైన కాళ్లనూ, అరవై ఏళ్లకు పైగా నేను రాసుకున్న డైరీలతో నిండిన దాని అరలనూ చూసి సుజాత తేల్చి చెప్పింది.

"అమ్మా, గిది లోపలికి పోతే ఫ్లోరంత ఖరాబైతది. పాత సామాన్ల బండికిచ్చేద్దాం. నీ డైరీలకు మంచి షెల్ఫు చేయిస్త."

"వారం దినాలు టైమియ్యి. ఒక్క గీత పడ్డా నువ్వే బండిని పిలువు," అన్నాను.

ధైర్యంగానే అన్నాను. ఎందుకంటే బీరువా నుంచి నేలను ఎలా కాపాడాలో నేను ఎనిమిదో ఏట నేర్చుకున్నాను, అదీ ఈ బీరువా దగ్గరే.

అప్పుడు మేం కొత్తపేటలో ఉండేవాళ్లం. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్న వైపు నడిస్తే ద్రాక్ష పందిళ్లు, బావి మోటార్ల చప్పుడు, ఎండాకాలం సాయంత్రాల్లో తడిసిన మట్టి వాసన. మా ఇంటి నేల మట్టిది. శుక్రవారం శుక్రవారం అమ్మ పేడతో అలికేది, నాయనమ్మ అంచుల వెంబడి సుద్దతో గీతలు దిద్దేది. ఆరేదాకా మేం గడప మీద పిచ్చుకల్లా వరుసగా కూర్చునేవాళ్లం. వాన పడితే చాపలు చెమ్మగిల్లేవి, మూలల్లో చీమలు పుట్టలు పెట్టేవి. గచ్చు చేయించమని అమ్మ ఎన్ని ఏళ్లు అడిగిందో, చివరికి ఒక వేసవిలో మేస్త్రీ వచ్చి, సిమెంటులో ఎర్ర రంగు పొడి కలిపి, తాపీతో అద్దంలా నున్నగా తీర్చాడు. వారం రోజులు దాని మీద నీళ్లు నిలబెట్టారు. ఆరాక అమ్మ రోజూ కొబ్బరినూనె చుక్కలు వేసి, కొబ్బరి పీచుతో రుద్దుతూ గదంతా మోకాళ్ల మీద తిరిగేది. నెల తిరిగేసరికి దీపం వెలుగు నేలలో కనిపించసాగింది.

ఆ గచ్చే మాకు మంచం, బల్ల, ఆటస్థలం. దాని మీదే అన్నం తిన్నాం, ఎండాకాలం మధ్యాహ్నాలు చాప కూడా లేకుండా చెంప ఆనించి పడుకున్నాం, గచ్చకాయలు ఎగరేశాం. పండుగ ముందు దాని మీదే బట్ట పరిచి వాడకట్టు ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని, నువ్వులూ వాము కలిపిన పిండితో సకినాలు చుట్టేవాళ్లు. బతుకమ్మ నాడు తంగేడు, గునుగు పూల కుప్పల మధ్య మాకు కాళ్లు పెట్టే చోటు ఉండేది కాదు. గచ్చంటే గిట్టని నాయనమ్మ కూడా తమలపాకుల డబ్బా పక్కన పెట్టుకుని, "సల్లగనే ఉన్నది తియ్," అనేది.

ఆ నేల మీదికే బీరువా వచ్చింది. తోపుడు బండి మీంచి దించి గడప దాకా మోసుకొచ్చినవాళ్లు వెళ్లిపోయారు. లోపలి గదిలోకి చేర్చడానికి మేం బాపు అని పిలిచే నాన్న ఒక్కడే మిగిలితే, పక్క వాటాలో కిరాయికుండే మాష్టారు సాయానికి వచ్చారు. వాళ్లది కృష్ణా జిల్లా, ఆ మధ్యే బదిలీ మీద వచ్చారు. చాలా మంచి మనిషి, ఎవరు ఏ పని చెప్పినా చొక్కా చేతులు మడిచేవారు. బాపు లోపలి గదిలోంచి లాగుతున్నాడు, మాష్టారు వెనక నుంచి తోస్తున్నారు. బీరువా కాలు గచ్చును తాకడం వంటింట్లోంచి చూసి అమ్మ కేక వేసింది.

"జరాపుండ్రి!"

"అలాగేనమ్మా, జరుపుతున్నాం!" అంటూ మాష్టారు భుజం ఆనించి ఇంకా గట్టిగా తోశారు.

"అయ్యో, జరాపుండ్రి!"

"ఇదిగో, అయిపోయింది, జరిపేశాం!"

అమ్మ ఎంత గట్టిగా అరిస్తే ఆయన అంత జోరుగా తోశారు. ఇనుము చప్పుడులో బాపుకు ఏదీ వినిపించలేదు. "జర ఆపుండ్రి", అంటే కాస్త ఆపండి, అనే మాట అమ్మ నోట ఎప్పుడూ ఒకే ముక్కగా వచ్చేది. అది మాష్టారి చెవిలో "జరపండి" అయింది. బీరువా గోడకు చేరేసరికి మెరిసే ఎర్ర గచ్చు మీద జానల కొద్దీ తెల్లటి గీత.

సంగతి తెలిశాక మాష్టారి మొహం పాలిపోయింది. "మీరే కదమ్మా జరపమన్నారు?" అన్నారు. బాపు తల గోక్కున్నాడు. నాయనమ్మ మాత్రం తమలపాకు మడుస్తూ, "ఇద్దరు మాట్లాడింది తెలుగే. నడుమ నా కోడలు గచ్చు ఆగమైంది," అన్నది. మర్నాడు మాష్టారు ఎర్ర రంగు పొడి, సిమెంటు తెచ్చి తన చేత్తోనే గీతను పూడ్చారు. అయినా ముదురు చార మిగిలింది. ఆ తర్వాత ఎన్ని ఏళ్లయినా, ఆయన భార్య మా ఇంట్లో ఏ పనికి చెయ్యి వేసినా, "వదినగారూ, ఆపాలా, జరపాలా?" అని నవ్వేది.

అమ్మ ఏడవలేదు. వారం తర్వాత బాపుతో, "బీరువ బయటికి దీయుండ్రి, మల్ల పెడ్త," అన్నది.

"పెట్టినం గదనే, ఇంకెందుకు?"

"దసరా దులుపుడుకు మల్ల కదుపుతం. మల్ల గీత పడ్తది. నా గచ్చు మీద ఇంకో గీత పడొద్దు."

మొదట పాత చెప్పుల రబ్బరు కోసి కాళ్ల కింద పెట్టింది. కొన్నాళ్లకు తీసి చూస్తే నేల మీద నాలుగు నల్లటి మచ్చలు. వాటిని కిరసనాయిలుతో వదిలించింది. గోనెగుడ్డ పెడితే చెమ్మ పట్టింది. అప్పుడు నాయనమ్మ లేచి, తన పెట్టెలోంచి తాత గొంగడి తీసి ఇచ్చింది. "ఆయన ఉన్నా వద్దనకపోవు. కొయ్యి," అన్నది. ఆ ముతక ఉన్ని మడతలు నేలను పట్టుకోలేదు, గీయలేదు. అమ్మ పద్ధతి కుదిరింది: బీరువా ఖాళీ చేయాలి, నేలను రెండుసార్లు ఊడ్చి ఇసుక రవ్వ లేకుండా అరచేత్తో తడిమి చూడాలి, ఒక పక్క లేపి మిగిలిన గొంగడి ముక్క దూర్చి, రెండో పక్క లేపి సర్ది, ఆ ముక్కనే మెల్లగా లాగాలి. ఒక్కరే మాట్లాడాలి, అదీ "లేపు", "దించు" అని మాత్రమే. బరువు కదిపేటప్పుడు మా ఇంట్లో "జర" అనడం నిషిద్ధం. బాపు ఆఫీసు నుంచి తెచ్చిన ఖాళీ డైరీలో నేను రాసుకున్న మొదటి సంగతి ఇదే. అమ్మ ఉన్నన్నాళ్లూ ఆ గచ్చు మీద రెండో గీత పడలేదు.

ఇప్పుడు గొంగడి కోసం దిల్‌సుఖ్‌నగర్‌లో మూడు రోజులు తిరిగాను. ఒక దుకాణం కుర్రవాడు ఆ పేరే వినలేదు, మెత్తటి పాలిస్టర్ దుప్పటి చూపించాడు. చివరికి హార్డ్‌వేర్ షాపులో ఉన్నిలా ఒత్తుగా ఉండే ఫెల్టు పట్టీలు దొరికాయి. కాళ్ల కొలత కాగితం మీద గీసుకుని, దానికంటే వెంట్రుకవాసి పెద్దగా కత్తిరించాను. తుప్పు అంచులను గరుకు కాగితంతో అరగదీశాను. లామినేట్‌కు నీళ్లు పడవని చెప్పారు కాబట్టి పొడిగుడ్డతోనే రెండుసార్లు తుడిచి అరచేత్తో తడిమాను. డైరీలన్నీ మంచం మీదికి చేర్చాను. వాచ్‌మన్, పై అంతస్తు ఎలక్ట్రీషియన్ వచ్చి, పాత బొంత మీద బీరువాను గోడ దాకా లాగారు. మూడు కాళ్లకు పట్టీలు వేశాక గేటు దగ్గర ఎవరో పిలిస్తే ఇద్దరూ దిగి వెళ్లారు.

సుజాత మోకాళ్ల మీద వంగి, ఫోను లైటు వేసి, గుమ్మం నుంచి గోడ దాకా వెతికింది. గీత లేదు.

"సరే తియ్, ఉండనీ," అన్నది.

కొత్తపేట ఇల్లు ఇప్పుడు ఐదంతస్తుల అపార్ట్‌మెంటు. ఎర్ర గచ్చు ఉన్నచోట కార్లు నిలుపుతారు. మాష్టారు లేరు, పిలవకుండానే చొక్కా చేతులు మడిచి వచ్చే పక్క వాటా మనుషులు లేరు. నేలను మోకాళ్ల మీద రుద్దేవాళ్లూ, దాని మీద చెంప ఆనించి నిద్రపోయేవాళ్లూ లేరు.

"గీ పట్టీలు అణిగిపోతయ్. ఏడాదికోసారి మార్చాలె. నేర్సుకో," అన్నాను.

"నాకెందుకమ్మా గదంత?"

"నా తర్వాత గీ బీరువ ఎవలుంచుకుంటరు మరి? బండోడా?"

సుజాత ఫోను కిటికీలో పెట్టి, చున్నీ నడుముకు చుట్టుకుని, పట్టీ వేయకుండా మిగిలిన నాలుగో కాలు దగ్గరికి వెళ్లి వంగింది.

"ఏడ పట్టుకోవాల్నో చెప్పు," అన్నది.