కూపను వెనక పోయిన ముగింపు

నా మాట ఇంతవరకూ ఎవరూ వినలేదు. చెవిన పడలేదని కాదు, పడ్డాక పక్కన పెట్టారు. ఒక వారపత్రిక కార్యాలయానికి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. చాలా ఏళ్ల తర్వాత నెల్లూరులో పిల్లల సాహిత్యం మీద సభ పెట్టి నన్నూ మాట్లాడమన్నారు. అసలు విషయంలోకి వచ్చేసరికి మైకు తీసి ఇంకొకరి చేతికిచ్చారు. ఎదిగే పిల్లల కోసం చీకటి భవిష్యత్తును ఊహించిన నవల మన భాషలో రానేలేదని ఆయన తీరిగ్గా వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

వచ్చింది. కనీసం ఒకటి వచ్చింది. నేను చదివాను, మా అక్క చదివింది. చివరి పది పన్నెండు పంక్తులు తప్ప మొత్తం చదివాం. ఆ పంక్తుల కోసమే ఇది రాస్తున్నాను.

మా నాయన బిట్రగుంట లోకోషెడ్డులో ఫిట్టరు. అరవైల మొదట్లో నాకు పద్నాలుగేళ్లు, అక్కకు పదిహేడు. కాలనీలో రైల్వేవాళ్లు చదువుకునే గది ఒకటి ఉండేది. దాన్ని పార్సిలు ఆఫీసు గుమాస్తా ఒకాయన జీతం లేకుండా, ఇష్టంకొద్దీ చూసుకునేవారు. ఆయన బైండింగులో నేర్పరి. వారపత్రికలు పాతబడ్డాక వాటిలోంచి సీరియలు పేజీలు మాత్రం విడదీసి, వరసన పేర్చి, దబ్బనంతో కుట్టి, పార్సిళ్లకు చుట్టే మందపాటి కాగితంతో అట్ట వేసేవారు. ఆ రోజుల్లో చాలా ఇళ్లలో నవలలు ఇలాగే తయారయ్యేవి. కొనే పుస్తకాలకన్నా కుట్టుకున్న పుస్తకాలే ఎక్కువ.

కొత్త పత్రికలు పిల్లల చేతికి ఇవ్వకూడదని ఆయన నియమం. ఒకసారి బల్ల మీద ఉన్నదాన్ని తీసి చూస్తున్నాను. నా చేతిలోంచి లాక్కుని, ఫిట్టరు కొడుకు పట్టుకుంటే పత్రికంతా గ్రీజు వాసన కొడుతుందని నలుగురూ నవ్వేటట్టు అన్నారు. నేను అప్పుడే బడి నుంచి వచ్చాను. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. ఆ నవ్విన నలుగురిలో ఎవరెవరున్నారో ఇప్పటికీ చెప్పగలను.

అందుకని బైండు పుస్తకాలే మాకు గతి. ఆ వేసవిలో ఆయన ఇచ్చిన లావుపాటి పుస్తకంలో ఒక రాజకుమారుడు మాంత్రికుణ్ణి తరుముతూ కొండగుహలోకి పోతాడు. తర్వాతి పేజీలో పెద్ద గోడల మధ్య ఒక పట్నం. అక్కడ ఎవరికీ పేర్లు లేవు, నంబర్లే. గంట కొడితే లేవాలి, గంట కొడితే తినాలి, గంట కొడితే నవ్వు ఆపాలి. గోడకు ఒకటే గేటు. దాన్ని ఎవరు మూశారో, ఎప్పుడు మూశారో ఎవరికీ తెలియదు. అరవై రెండో నంబరు అనే పదిహేనేళ్ల పిల్ల పని, ఎన్నడూ తెరవని ఆ గేటు కీళ్లకు రోజూ నూనె పెట్టడం. ఇంకో పది పేజీలు తిప్పితే రాజకుమారుడు మళ్లీ రెక్కల గుర్రం మీద ఉంటాడు.

నేనూ అక్కా దీన్ని ఒకే నవల అనుకున్నాం. గుహకు అవతలి కొస ఆ పట్నంలో తేలుతుందనుకున్నాం. పట్నంలో గతం మరిచిపోయిన కూలీ ఒకడున్నాడు. వాడే రాజకుమారుడని, మాంత్రికుడు జ్ఞాపకాలు దొంగిలించాడని తేల్చుకున్నాం. ఎక్కడా అతుకు కనపడలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో అక్క పైకి చదివేది. అమ్మకు మాంత్రికుడి పేరు వింటేనే పడదు. పాస్టరుగారికి తెలిస్తే ఏమనుకుంటారోనని భయం. అయినా చెంబు తోముతూ అక్కడే కూర్చునేది, మాంత్రికుడి ప్రాణం ఎక్కడ దాచాడో తెలిసిందా అని అడిగేది. నాయన రాత్రి డ్యూటీ చేసి వచ్చి, సగం నిద్రలో వినేవాడు. ఒకరోజు గంటల పట్నం వర్ణన అయ్యాక కళ్లు తెరిచాడు.

"దీంట్లో భయపడేదానికేముందిమే? మన కాలనీనే గదా. క్వార్టరుకో నంబరు, కూతేస్తే లేస్తాం, కూతేస్తే పోతాం."

"మనం కావలి పోవాలంటే రైలెక్కి పోతాం నాయనా. వాళ్లకు గేటే తెరవరు," అంది అక్క.

"పాసులియ్యరా వాళ్లకి?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. రైల్వేవాడికి పాసు ఇవ్వకపోవడం కన్నా పెద్ద అన్యాయం ఆయనకు తోచలేదు. ఆ తర్వాత ఆ పట్నాన్ని ఆయన కూడా అసహ్యించుకున్నాడు.

ఇటువంటి నవలల గురించి నా అభిప్రాయాలు అక్కడే, ఆ వరండాలోనే ఏర్పడ్డాయి. తర్వాత ఎన్నో చదివాను. ఇప్పటి పిల్లలు చదివే బరువైన ఇంగ్లీషు సంపుటాలు కూడా అడిగి తెచ్చుకుని చదివాను. అభిప్రాయం మారలేదు. జానపద కథల్లో ఎవరూ వంట చెయ్యరు. రాజకుమారుడు ఏడు పగళ్లు నడుస్తాడు, ఒక్క పూటన్నా గంజి తాగడు. ఆకలి తెలియనివాడి ధైర్యాన్ని నేను లెక్కలోకి తీసుకోను. మాంత్రికుడు చస్తే అన్నీ సర్దుకుంటాయనడం ఇంకో తప్పు. గంటల పట్నంలో చంపడానికి మాంత్రికుడు లేడు. గంట కొట్టేవాణ్ణి కూడా ఇంకో గంట నిద్ర లేపుతుంది. అది రాసినవాడికి లోకం తెలుసు. కానీ అలా రాసేవాళ్లకు వేరే జబ్బు ఉంది. గోడలు కట్టడంలో చూపిన ఓపిక గేటు దగ్గర చూపరు. లోకం ఎంత చెడిపోతుందో మూడొందల పేజీలు చెప్పి, బాగుపడే సంగతి అర పేజీలో ముగిస్తారు. పదిహేనేళ్ల వయసులో చదివేవాడికి ఆ అర పేజీయే కావాలి.

రెండూ కలిపి కుట్టినందువల్లనే మాకు ఆ లోపాలు కనిపించలేదేమో. జానపదం నుంచి ఆశ, గంటల పట్నం నుంచి నిజం. ఒకదాన్ని ఒకటి మోసుకుపోయాయి.

అవి రెండని తెలిసింది కావలిలో, క్షవరం చేయించుకోవడానికి పోయినప్పుడు. దుకాణంలో పాత సంచిక ఒకటి పడి ఉంది. అందులో రెండు సీరియళ్లకూ వేర్వేరు పేర్లు, వేర్వేరు రచయితలు. ఒకదాని చివరి పేజీకి వెనక రెండోది మొదలవుతోంది. గుమాస్తాగారు ఒకటి తీసి ఒకటి వదలలేక రెండూ కలిపి కుట్టేశారు. ప్రతి వారం వచ్చే శీర్షికలు పుస్తకంలో అందంగా ఉండవని వాటి మీద తెల్లకాగితం ముక్కలు అతికించారు.

నేను పోయి అడిగితే కడుపు పట్టుకుని నవ్వారు. ఆరు నెలలుగా ఇద్దరూ రెండు కథలూ ఒకటనుకుని చదివారా అని, వచ్చినవాళ్లందరికీ చెప్పారు. కలిపిన నవలే రెండింటి కన్నా బాగుందన్నాను. ఆ మాట మాత్రం ఆయన ఎవరికీ చెప్పలేదు.

నవ్వు సంగతి వదిలేద్దాం. అసలు నష్టం చివరి పేజీలో ఉంది. గంటల పట్నం కథ ముగిసే పేజీలో, కింది సగంలో, చతురస్రంగా ఒక కన్నం. దానికి పైన మిగిలిన చివరి మాటలు నాకు కంఠతా వచ్చు. అరవై రెండో నంబరు గడియ మీద చెయ్యి వేసింది. వెనక జనం గంట కోసం ఎదురు చూస్తున్నారు. గంట మోగలేదు. ఆమె... ఆ తర్వాత కన్నం. కన్నంలోంచి అవతలి కాగితం మీది తలనూనె ప్రకటన కనిపించేది.

"ఇదేంది సార్?" అని అడిగాను.

ఆయన మొదట పురుగు కొట్టిందన్నారు. పురుగు కత్తెరతో కొట్టదన్నాను. అప్పుడు చూపు కిందికి దించారు.

"పజిలు కూపనబ్బయ్యా. దాని ఎనక్కాల ఏముందో చూడలా నేను. మడిచి కవర్లో పెట్టినా, పంపించినా."

ఆ రోజుల్లో పత్రికలు గళ్లనుడి పోటీలు పెట్టేవి. గళ్లు నింపి, కూపను కత్తిరించి పంపితే బహుమతి. ఆయన ప్రతి వారం పంపేవారు. అంటే మా కథ ముగింపు, అది అచ్చయిన కార్యాలయానికే, ఆయన చేతి మీదుగా తిరిగి వెళ్లిపోయింది.

ఇంకో ప్రతి దొరక్కపోతుందా అనుకున్నాను. కావలి క్షవరం దుకాణంలో ఆ వారం సంచిక దొరికింది. అందులోనూ కన్నమే. బోగోలులో ఒక మాస్టరుగారి దగ్గర కట్టలు కట్టలు ఉన్నాయంటే సైకిలు మీద పోయాను. కన్నం. సూళ్లూరుపేటలో మా మేనమామకు రాస్తే, ఉంది, కూపను మాత్రం తీశాను అని జవాబిచ్చాడు. అప్పుడు అర్థమైంది. ఆ వారం పత్రిక కొన్నవాళ్లు కొన్నదే కూపను కోసం. స్టేషను పుస్తకాల స్టాల్లో అమ్ముడుపోని ప్రతులు తిరుగు పార్సిలులో మద్రాసులోని పత్రిక కార్యాలయానికే పోయాయట. ఆ పార్సిలు బుక్ చేసింది కూడా మన గుమాస్తాగారే. మా తీరమంతటా ఆ నవల అందరూ చదివారు, ముగింపు ఒక్కరూ దాచుకోలేదు. అరవై రెండో నంబరు ఏం చేసిందని అడిగితే, బాగానే ముగిసినట్టు గుర్తు అని ఒకరు, చచ్చిపోయిందనుకుంటా అని ఇంకొకరు చెప్పారు.

ఆ ఏడాదే అక్కకు నెల్లూరు మిషను ఆసుపత్రిలో నర్సు శిక్షణకు పిలుపు వచ్చింది. అమ్మకు పంపడం ఇష్టం లేదు. అక్కకూ భయంగానే ఉంది. అక్కడ గంట కొడితే లేవాలట, తెల్ల టోపీలన్నీ ఒకటేనట, వార్డులో పేరు పెట్టి పిలవరట. పెట్టె సర్దుకుంటూ నన్ను పిలిచింది.

"ఆ పిల్ల బయటికి పోయినాదో లేదో కనుక్కోరా. పోయినాక గేటు మూసిందో, తెరిచే పెట్టిందో కూడా. తెలిస్తే కార్డు ముక్క రాయి."

రాస్తానని మాట ఇచ్చాను. నాయన పక్కనే బూట్లు విప్పుతున్నాడు.

"తెరవని గేటుకు ఎవుడన్నా రోజూ నూనె పెట్టిస్తాడామే? తెరవాలని ఎవుడికో ఉండబట్టే ఆ పని పెట్టినాడు. నూనె తాగిన కీలు ఒక్క తోపుకు తెరుచుకుంటాది. నువ్వు పో."

నా మొండితనమంతా ఒక ఎత్తు, ఫిట్టరు చెప్పిన ఆ ఒక్క ముక్క ఒక ఎత్తు. ఎంతమంది విమర్శకులు చదివినా ఆ నూనె సంగతి పట్టుకోలేరు. అక్క మర్నాడు ప్యాసింజరు ఎక్కింది.

నేను పత్రికకు రాయడం మొదలుపెట్టాను. మొదటి ఉత్తరంలో ముగింపు మాత్రమే అడిగాను. రెండోదానిలో రెండు సీరియళ్లనూ ఒకే పుస్తకంగా వెయ్యమని, ఎక్కడెక్కడ కలపాలో నాలుగు పేజీలు వివరించాను. వాళ్లు బొమ్మలు బాగున్నాయని ఎవరో రాసిన రెండు ముక్కలు అచ్చువేశారు. నాది వెయ్యలేదు. ఆఖరిదానికి జవాబు కార్డు కూడా జతచేశాను. నా అడ్రసు నేనే రాసిన ఆ కార్డు తిరిగి రాలేదు. తర్వాత జానపదం పుస్తకంగా వచ్చింది. గంటల పట్నం రాలేదు. కొన్నాళ్లకు పత్రికే ఆగిపోయింది. ఆ నవల కింద ఉన్నది కలం పేరే. అసలు మనిషి ఎవరో చెప్పినవాళ్లు లేరు.

అక్క మాత్రం ఊరికే కూర్చోలేదు. పిల్లల వార్డులో డ్యూటీ పడినప్పుడు ఈ కథ చెప్పేదట. కన్నం దగ్గర ఆపి, తర్వాత ఏమైందో మీరే చెప్పండి అనేదట. కాలు విరిగిన పిల్లవాడు గేటు బయట సముద్రం ఉందన్నాడు. జ్వరం తగ్గిన పాప, అరవై రెండు బయటికి పోయి అందరికీ పేర్లు తెచ్చిందని చెప్పింది. గేటు మూసే ఉందని ఒక్క పిల్లా చెప్పలేదని అక్క ఉత్తరం రాసింది. చదివి సంతోషించాను. ఆశ నేర్పాల్సిన పని లేదు, పిల్లల దగ్గర అది ముందే ఉంటుంది, పుస్తకం దానికి అడ్డం రాకపోతే చాలు అని నాకు ఆ ఉత్తరంతోనే తెలిసింది.

కానీ నేను మాట ఇచ్చింది రచయిత రాసిన ముగింపు గురించి. పిల్లలు చెప్పినవి ఎంత బాగున్నా దానికి బదులు కావు. అక్కకు ఎనభై దాటాయి, చూపు తగ్గింది, ఇప్పటికీ ఫోనులో దొరికిందా అని అడుగుతుంది.

కాబట్టి ఆ కలం పేరు వెనక ఉన్నవారినీ, వారు లేకపోతే వారి పిల్లలనూ, ఆ పత్రిక కార్యాలయం ప్రతులు ఎవరి అటక మీద ఉన్నాయో వారినీ అడుగుతున్నాను. కార్యాలయం ప్రతిలో కూపను కత్తిరించి ఉండరు. కింది సగం చూడండి. నన్ను మెచ్చుకోనక్కర్లేదు, ఆలస్యానికి క్షమాపణ అక్కర్లేదు. "ఆమె" అన్న మాట తర్వాత ఏముందో ఉన్నదున్నట్టు రాసి, నా ఈ మాటలు అచ్చయిన పుస్తకం ప్రచురణకర్తల చిరునామాకు పంపండి. ఈసారన్నా జవాబు ఇవ్వండి.