మోటారుకు అడ్డం నిలబడిన కంబళి

మా నాయన కంబళి ఎత్తి మోటారు కారును ఆపాడని బేస్తవారిపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. మొన్న టీ అంగడి ముందు ఒక నడివయసు మనిషి, నేనెవరి కొడుకునో తెలియక, నా ముఖం మీదే ఆ కథ చెప్పాడు. చెప్పి ఊరుకున్నాడా? "ఆ కాలపు మనుషులు అట్లాంటోళ్ళు తాతా, వాళ్ళ మాటకు ఇనుము గూడా నిలబడేది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇనుము ఏ కాలంలోనూ ఎవరి మాటా వినలేదు. ఆ రోజు ఆ కారు స్టీరింగు పట్టుకుని కూర్చున్నది నేను. కథ చెప్పేవాళ్ళలో ఒక్కడూ ఆ ముక్క చెప్పడు. నేనుంటే కథ చెడిపోతుంది మరి.

మాది అప్పుడు కర్నూలు జిల్లా, మద్రాసు రాజ్యం. రెండో పెద్ద యుద్ధం ఇంకా రాలేదు. మా పాలెంలో అందరం ఏసు ప్రభువును నమ్ముకున్నవాళ్ళమే, అందరం ఊళ్ళో ఆసాముల దగ్గర జీతాలున్నవాళ్ళమే. నేను బడి ముఖం చూడలేదు. మార్కాపురం గనుల దగ్గర పారేసిన పగుళ్ళ పలకలు ఏరుకొచ్చి, ప్రార్థన పుస్తకం చూసి అక్షరాలు దిద్దుకున్నాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చదువు నాకు ఎవరూ చెప్పలేదు, కారు తోలడమూ ఎవరూ సరిగ్గా చెప్పలేదు. చదువులో తప్పు పోతే తుడుచుకోవచ్చు.

మా ఆసామికీ, కంభం వైపు ఇంకొక ఆసామికీ ఎడ్ల పందెంలో పాత పగ. ఎండాకాలం తిరునాళ్ళలో ప్రతి ఏడూ పోటీ. రోడ్డు కింద వాననీళ్ళు పోయే మోరీ దగ్గర రెండు బండ్లు పక్కపక్కన నిలబెట్టి, గుడ్డ కిందికి వదలగానే తోలాలి. రెండు ఫర్లాంగులు తిన్నగా పోతే ఒక ఫర్లాంగు రాయి వస్తుంది, అదే గెలుపు. ఆ రాయి దాటిన కాస్త దూరానికే రోడ్డు వంకలోకి, అంటే ఎండిన వాగులోకి, దిగుతుంది. ఆ ఊపు మీద వచ్చే ఎడ్లు వంకలో పడకుండా ఒక మనిషి రాయి అవతల రోడ్డు నడిమధ్య నిలబడి, నల్ల కంబళి రెండు చేతులా ఎత్తి, "హో... హో... నిలూ" అని అరుస్తాడు. ఎడ్లు చూస్తాయి, బెదురుతాయి, నిలబడతాయి. ఆ మనిషి మా నాయన. పక్కటెముకల మీద కొమ్ము గీత ఒకటి తప్ప ఆయనకు ఏనాడూ ఏమీ కాలేదు. ఆపినందుకు ఆసామి తన చేత్తో తలపాగా ఇచ్చేవాడు. ఏడాది పొడుగునా "ఒరేయ్" అనిపించుకునే మనిషి ఆ ఒక్క పూట ఊరంతా చూస్తుండగా తలకు పాగా చుట్టుకుని, ఊరి నడిబజారులోంచి పాలెందాకా నడిచి వచ్చేవాడు.

ఆ ఏడు ఇద్దరు ఆసాములూ మోటార్లు కొన్నారు. ఎడ్లు వద్దు, ఈసారి మోటార్లే పందెం అనుకున్నారు. మా ఆసామి డ్రైవరు ఈ మాట వినగానే, ఊరికి పోయి వస్తానని చెప్పి మళ్ళీ రాలేదు. నేను ఆ కారు తుడిచేవాడిని, నీళ్ళు పోసేవాడిని, ముందు హ్యాండిలు తిప్పేవాడిని. ఇరవై ఏళ్ళవాడిని. ఆసామి నన్ను పిలిచాడు.

"ఎడ్లు తోలినావు గదరా?"

"తోలినాను అయ్యా."

"ఇది ఇంగ సులువు. మేత లేదు, పేడ లేదు. నువ్వే తోలాల."

కాదనే నోరు మాకు లేదు. డ్రైవరు సీటు మీద గోనెపట్టా పరిచి కూర్చోమన్నారు. నేను తాకితే సీటు మైలపడుతుందని. ప్రాణం పోతే మటుకు గోనెపట్టా అక్కర్లేదు! ఇన్నేళ్ళయినా ఆ గోనె గరుకు నా తొడలకు తగులుతూనే ఉంది.

నాకు నేర్పడానికి మార్కాపురం బస్సు తోలే ఒక సాయిబును పిలిపించారు. మామా అని పిలిచేవాణ్ణి. నోరు పెద్దది, పాన్ నమిలేవాడు. నిలబడినచోటి నుంచి కారు ఎట్లా దూకాలో అదొక్కటే ఆయన పాఠం. ఎడమ కాలితో క్లచ్చి తొక్కిపట్టు. కుడి కాలితో పెట్రోలు ఇవ్వు. ఇంజను గోల పెట్టాక క్లచ్చి వదులు. మెల్లగా వదిలితే వెనకబడతావు. ఒక్కసారిగా వదిలితే చక్రాలు కంకరలో గిర్రున తిరుగుతాయి, లేదా ఇంజను చచ్చిపోతుంది. మధ్యలో ఎక్కడో ఉంటుంది ఆ కిటుకు. అది నా కాలికి దొరకలేదు. మొదటిరోజు ప్రతిసారీ ఇంజను చచ్చింది, ప్రతిసారీ దిగి హ్యాండిలు తిప్పాను. ఒకసారి హ్యాండిలు వెనక్కి తన్ని మణికట్టు వాచిపోయింది.

"ఏందప్పా, పెండ్లికూతురు అత్తగారింట్లో అడుగు పెట్టినట్ల వదుల్తాండావు!" అనేవాడు సాయిబు. "కాలు తియ్! భయమెందుకు? అది కరుస్తాదా?"

ఒకనాడు కాలు కుదిరింది. కుదరకపోయినా బాగుండేది. వెనక నుంచి ఎవరో డొక్కలో తన్నినట్టు అయింది. తల వెనక్కి పోయింది. కంకర రాళ్ళు అడుగున తుపాకీ గుళ్ళలాగా పేలాయి. చేతుల్లో చక్రం వణుకుతుంటే, వణుకుతున్నది అదో నేనో తెలియలేదు. సాయిబు "రెండో గేరు! రెండో గేరు!" అని అరుస్తున్నాడు. వేశాను. అప్పుడు రోడ్డు నా కిందికి వచ్చి పడసాగింది, బావిలోకి జారుతున్నట్టు. నేను బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. ఇంకా గట్టిగా, లేచి నిలబడి తొక్కాను. అది తన ఇష్టమొచ్చినంత దూరం పోయి, ఓపిక అయిపోయాక ఆగింది.

"భేష్!" అన్నాడు సాయిబు. "దూకడం వచ్చినాది."

"ఆపడం, మామా?"

"పందెంలో ఆపినోడు గెలిచినాడా ఎప్పుడన్నా? ఆపేది తర్వాత చెప్తాలే."

ఆ తర్వాత ఆయనకు బస్సు డ్యూటీ పడింది. రానేలేదు.

ఆపడం నేనే నేర్చుకోవాలనుకున్నాను. కోసిన కందికట్టె మోపొకటి రోడ్డు మధ్య నిలబెట్టి, దూరం నుంచి కారు దూకించి, దాని ముందు ఆగాలని చూశాను. మోపు చక్రాల కిందికి పోయింది. మళ్ళీ నిలబెట్టాను, ఈసారి ముందుగానే తొక్కాను. మళ్ళీ పోయింది. సాయంత్రానికి ఆ మోపు పొట్టు పొట్టయి రోడ్డంతా పరుచుకుంది.

ఇంటికొచ్చేసరికి నాయన నల్ల కంబళి దులుపుతున్నాడు.

"ఎందుకు నాయనా అది?"

"ఎందుకేంది? తిరునాళ్ళ గదా. అయ్య చెప్పినాడు, ఎప్పట్ల నేనే నిలబడాలంట."

గంజి ముంత పక్కన పెట్టాను. కందికట్టె సంగతి చెప్పాను.

"కట్టెకు ఏం తెలుస్తాది? అది అరిసిందా? కంబళి ఎత్తిందా?" అన్నాడు.

"అది గొడ్డు కాదు నాయనా. దానికి కండ్లు లేవు!"

"దానికి లేకపోతే నీకున్నాయి గదరా."

మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "పోనీ ఈ ఒక్క ఏడు మానుకోరాదా?" అంది. నాయన ఆమె వైపు చూడలేదు. కంబళి మడత పెడుతూ, "నేను మానుకుంటే ఇంగొకడు నిలబడతాడు. వాడూ ఒకరి నాయనే గదా. ఆ పాగా ఇంగ మన గడప తొక్కదు" అన్నాడు. ఆయనకు ఆ పాగా అంటే ఏమిటో నాకు తెలుసు. అందుకే కోపం తెచ్చుకోలేకపోయాను, భయం ఒకటే మిగిలింది.

తెల్లారి ఆసామి దగ్గరికి పోయి వాకిట్లో నిలబడ్డాను. పందెం చివర మనిషి వద్దయ్యా, గుడ్డ జెండా పాతుదాం అన్నాను. ఆయన ఆవులించాడు. "మీ నాయనకు లేని బయం నీకెందుకురా? ఆపేవాడు లేకపోతే అది పందెం అవుతాదా? జనం నవ్వరూ?" అన్నాడు. జనం నవ్వుతారని ఒక మనిషిని చక్రాల ముందు నిలబెట్టే ఆచారాన్ని, అప్పుడే కాదు, ఇప్పుడూ నేను ఉమ్మి పారేస్తాను. ఆ కాలం గొప్ప కాలమని రాసేవాళ్ళు ఆ వాకిట్లో ఒకసారి నిలబడి చూడాలి.

పందెం నాడు ఎండ నిప్పులు చెరుగుతోంది. కొనకనమిట్ల, వెలిగండ్ల నుంచి కూడా బండ్లు కట్టుకొచ్చారు. మోరీ దగ్గర రెండు కార్లకూ పసుపు కుంకుమ పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కంభం ఆసామి డ్రైవరు మద్రాసు మనిషి, లాగూ చొక్కా తొడుక్కున్నాడు. నన్నూ నా గోనెపట్టానూ చూసి నవ్వి, సిగరెట్టు పారేశాడు. జనం రోడ్డుకు రెండు వైపులా, ఎడ్ల పందెంలో నిలబడినట్టే, చెయ్యి చాపితే కారుకు తగిలేంత దగ్గరగా నిలబడ్డారు. బెదిరితే గొడ్డే పక్కకు తప్పుకుంటుందని వాళ్ళ నమ్మకం. డప్పులవాళ్ళు ఇంజను దగ్గరకొచ్చి వాయించారు, దానికి ఊపు రావాలని.

నేను ముందుకు చూశాను. ఎండమావి నీళ్ళలాగా కదులుతోంది. ఆ నీళ్ళలో రోడ్డు నడిమధ్య ఒక నల్ల చుక్క. కంబళి.

గుడ్డ పడింది.

నా కాలు దానంతటదే కుదిరింది. నేర్చుకున్నది ఒక్కటీ మరిచిపోలేదు, అదే నా దురదృష్టం. నిమ్మకాయలు చితికాయి, కారు దూకింది. మద్రాసు మనిషి కారు నాకన్నా ముందుకు పోయింది. నేను రెండో గేరు వేశాను. పక్కపక్కకు వచ్చాం. జనం ముఖాలు గోడలాగా అయిపోయాయి. చెవుల్లో గాలి. ఎవరో "తొక్కరా! తొక్కు!" అంటున్నారు. నల్ల చుక్క మనిషయింది. మనిషికి చేతులు వచ్చాయి. చేతులు పైకి లేచాయి.

రాయి ఇంకా చాలా దూరం ఉంది. గెలుపు ఆ రాయి దగ్గరే అని నాకు తెలుసు. కానీ నా కళ్ళకు రాయి కనిపించలేదు, కందికట్టె పొట్టు కనిపించింది. పెట్రోలు మీది కాలు తీసి బ్రేకు మీద నిలబడ్డాను. చేతి బ్రేకు లాగాను. గేరు కిందికి లాగితే ఇంజను కేక పెట్టింది. కారు అడ్డంగా ఈడ్చుకుపోతూ దుమ్ము లేపింది. ఆ దుమ్ములో ఏమీ కనబడలేదు. మద్రాసు మనిషి నా పక్క నుంచి దూసుకుపోయాడు. తర్వాత తెలిసింది, నాయన కనబడేసరికి వాడు చక్రం గిరుక్కున పక్కకు తిప్పి, వంక ఇసుకలో దిగబడిపోయాడని. మనిషికి దెబ్బ తగల్లేదు.

నేను మాత్రం ఆ దుమ్ములో "నాయనా" అని అరుస్తున్నాను. కారు ఆగింది. రేడియేటరు బుసకొడుతోంది. దుమ్ములోంచి ముందు ఒక గొంతు వినిపించింది.

"హో... హో... నిలూ."

దుమ్ము విడిపోయింది. కారు ముక్కు నాయన మోకాళ్ళకు జానెడు దూరంలో ఉంది. ఆయన కంబళి భుజాన వేసుకుని, ఎద్దు నుదురు నిమిరినట్టు, కాగిపోతున్న రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి, "హబ్బ!" అని తీసుకున్నాడు. తర్వాత నా వైపు చూసి నవ్వాడు.

"చూసినావా? కండ్లు లేవంటివే!"

జనం కేకలు వేశారు. కంబళి చూసి మా కారు ఆగింది, ఆ కంభం కారు గుడ్డిది, వంకలో పడింది అన్నారు. రాయి ముందు దాటింది ఆ గుడ్డిదే కాబట్టి మా ఆసామి ఓడిపోయాడు. నన్ను ఒక బూతు తిట్టి, సీటు మీది గోనెపట్టా లాగి పారేశాడు. మళ్ళీ ఆ కారు ఎక్కనివ్వలేదు, అదీ మంచికే. కానీ జనం ఊరుకోరని నాయనకు పాగా ఇచ్చాడు. నేను కారు పక్కన నిలబడి చూస్తుండగా, ఆయన కాలిన చేత్తో పాగా చుట్టుకున్నాడు. ఆ ముఖం చూశాక, "ఆపింది నేను నాయనా" అనబుద్ధి కాలేదు.

నా భయం ఆ రోజుతో తీరుతుందనుకున్నాను. లేదు. కొన్నాళ్ళకు మా రోడ్డు మీద గిద్దలూరు బస్సు తిరగసాగింది. మేం ఏ పనికి పోవాలన్నా అదే దిక్కు. బస్సు రావడం చూడగానే నాయన రోడ్డు నడిమధ్యకు పోయి కంబళి ఎత్తేవాడు. ఎంత చెప్పినా వినేవాడు కాదు. "ఆనాడు ఆగలేదా?" అనేవాడు. అందుకని ఆయన ఎక్కడికి బయల్దేరినా పని మానుకుని వెంట పోయేవాణ్ణి. బస్సు దుమ్ము కనబడగానే, వంకకు పోయొస్తానని చెప్పి ఆయనకన్నా చాలా ముందుకు పరుగెత్తి, రోడ్డు పక్క నుంచి రెండు చేతులూ ఊపి బస్సును మెల్లగా చేయించేవాణ్ణి. అది నన్ను దాటి, నెమ్మదిగా పోయి, ఆయన కంబళి ముందు ఆగేది. ఎన్నిసార్లు చేసినా, అది ఆగిందన్న చప్పుడు వినేదాకా నా ప్రాణం కుదుటపడేది కాదు. ఆయన మంచాన పడేదాకా అట్లాగే చేశాను.

ఒకసారి బస్సు డ్రైవరు విసుక్కున్నాడు. "ఏం పెద్దాయనా, ఒక్క బస్సును ఆపడానికి ఇద్దరు కావాల్నా? ఆడ నీ కొడుకు ఎగురుతాండాడు, ఈడ నువ్వు!"

నాయన కంబళి మడిచి చంకలో పెట్టుకుని, మెట్టెక్కుతూ చెప్పాడు.

"ఏమనుకోవద్దప్పా. వాడింగా నేర్చుకుంటాండాడు."