పరుగు మధ్యలో పందెం కాసిన మేస్త్రి

1994 వానాకాలం. చిక్కడపల్లి మెయిన్ రోడ్డు నుంచి సందులోకి తిరిగితే రెండో షట్టరు మా కళ్లద్దాల షాపు. ముందు గదిలో మా ఆయన ఫ్రేములు అమ్మేవారు, అద్దాలు అరగదీసి బిగించేవారు. వెనక గదిలో నేను రిఫ్రాక్షన్ చేసేదాన్ని, అంటే కంటికి ఎంత పవర్ కావాలో కొలవడం. అశోక్ నగర్ కోచింగ్ పిల్లలే మాకు అన్నదాతలు. చదివి చదివి తలనొప్పి అంటూ వచ్చేవారు. అద్దాలు ఇచ్చినా పెట్టుకోనివాళ్లను నేను తిట్టని రోజు లేదు. పన్నెండేళ్లలో నేను రాసిన పవర్ తప్పని ఎవరూ అనలేదు. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

మొదటిసారి ఆ మాట అన్నది బాలమణి. ఒక మధ్యాహ్నం షాపులోకి వచ్చి, చేతిరుమాలులో చుట్టిన కళ్లజోడు టేబుల్ మీద పెట్టింది.

"మేడం, ఈ అద్దాలు వాపస్ తీస్కోండ్రి. ఇవి పెట్టుకున్న కాడికెళ్లి మా ఆయన ఒక్క పందెం గెలుస్తలేడు."

నాకు ఒళ్లు మండింది. "నేను లారీ నంబర్లు చూడ్డానికి ఇచ్చానమ్మా, పందేలకు కాదు" అన్నాను.

అది నిజమే. ఆమె భర్త నర్సింలు గాంధీనగర్‌లో కడుతున్న ఒక అపార్ట్‌మెంటుకు మేస్త్రి. పాలమూరు నుంచి కూలికి వచ్చి, ఇరవై ఏళ్లలో మేస్త్రి అయ్యాడు. ఇసుక లారీల నంబర్లు రాసుకొమ్మని కాంట్రాక్టరు చెప్పాడట. లారీ మీదికొచ్చే దాకా ఈయనకు నంబరు కనిపించదు. రెండు నెలల క్రితం చూస్తే రెండు కళ్లకూ మైనస్ రెండున్నర. దూరపువన్నీ అలికేసినట్టు కనిపించే చూపు. నలభై ఏళ్లు అలాగే నెట్టుకొచ్చాడు. ట్రయల్ ఫ్రేములో, అంటే అద్దాలు మార్చి మార్చి చూసే ఫ్రేములో, చివరి వరుస దాకా చదివి, బయటికి చూసి, "కరెంటు తీగె మీద పిట్టలున్నయ్ మేడం!" అని నవ్వాడు. ఆ నవ్వు చూసి నేనూ మురిసిపోయాను.

ఇప్పుడు అదే మనిషి భార్య వెనక తలొంచుకుని నిలబడ్డాడు.

"ఏం పందేలయ్యా?" అని అడిగాను.

"గుర్రాలయి మేడం. మలక్‌పేటల. అందరి లెక్క ముందుగాల కాయం. మాది రన్నింగు. గుర్రాలు ఉరుకుతుండంగనే, ఆఖరి మలుపు కాడ, నోటిమాట మీద కాస్తం."

పరుగు మొదలయ్యాక భావ్, అంటే ఒకటికి ఎంతిస్తారన్న లెక్క, క్షణానికోసారి మారిపోతుందట. ముందున్న గుర్రం మీద కాస్తే వచ్చేది చిల్లరే. వెనకపడ్డదాన్ని సరిగ్గా పసిగడితే ఒకటికి ఎనిమిది, పది కూడా వస్తాయి. కానీ ఆలోచించడానికి పది సెకన్లు కూడా ఉండవు. కన్ను పొరబడితే ఉన్నది ఊడుతుంది.

వాళ్లిద్దరూ ఒక పాత మిల్లర్ మిషన్ కొందామని కూడబెడుతున్నారు. కాంక్రీటు కలిపే ఆ మిషన్ సొంతానికి ఉంటే కాంట్రాక్టరు దగ్గర చెయ్యి చాచే పని లేదు. కూలి డబ్బులకు పందేల డబ్బులు కలిసి దాదాపు సరిపోయే దశకు వచ్చాక నా అద్దాలు వచ్చాయి. రెండు నెలల్లో మూడోవంతు పోయింది. మిల్లర్ యజమాని సోమవారం దాకానే ఆగుతానన్నాడు. ఆదివారం రేసులో మిగిలిందంతా ఒక్క పందెం మీద పెట్టి లోటు పూడ్చాలని వీళ్ల ఆలోచన.

"ఈయనకు ముందటి లెక్కనే కనవడాలె మేడం" అంది బాలమణి.

మళ్లీ పరీక్ష చేశాను. అద్దాలతో రెండు కళ్లూ సిక్స్ బై సిక్స్, అంటే వంక పెట్టలేని చూపు. రోషం ఆపుకోలేక, "నేనే వచ్చి చూస్తాను" అన్నాను. పందెమంటే గిట్టనిదాన్ని, ఆ మాట ఎలా అన్నానో నాకే తెలియదు. మా ఆయన ఆ వారమంతా నన్ను ఏడిపించారు.

ఆదివారం ముగ్గురం వెళ్లాం. మొదటి పరుగు ఉత్తినే చూద్దామన్నాను. నర్సింలు అద్దాలు పెట్టుకుని, "నాలుగో నంబరు" అన్నాడు. నాలుగు ఎక్కడో వెనక వచ్చింది.

"నాలుగే ఎందుకన్నావు?"

"పేరున్న జాకీ గదా మేడం, ఎర్రంగీ."

"మరి ఇంతకుముందు?"

"ముందుగాల నాకు అంగీల రంగులు యాడ కనవడె! నడకనే కనవడుతుండె."

అప్పుడు అర్థమైంది నాకు. దూరపు చూపు లేనివాళ్లు మొహం కనిపించకపోయినా నడకను బట్టి మనిషిని గుర్తుపట్టేస్తారు. ఈయనైతే ఏళ్ల తరబడి స్లాబ్ పోసే ప్రతిరోజూ కింద నిలబడి, తలల మీద తట్టలతో ర్యాంపు ఎక్కే కూలీల వరుసనే చూస్తున్నాడు. ఎవరి అడుగు తడబడబోతుందో కనిపెట్టి పక్కకు తప్పించడం అతని పని. ఆ కంటికి నేను రంగులు, నంబర్లు, జాకీల మొహాలు తెచ్చి అడ్డం పెట్టాను. పవర్ తప్పలేదు. నేను అడగాల్సింది అడగలేదు.

"అద్దాలు తియ్యి" అన్నాను. నా సర్వీసులో ఒక పేషెంటుతో ఆ మాట అనడం అదే మొదటిసారి.

రెండో పరుగులో గుర్రాలు ఇంకా అవతలి వైపున్నాయి. నాకు కనిపిస్తున్నది కదిలే రంగుల ముద్ద. "ముందటిదాని దమ్ము ఒడిసింది. లోపలి దిక్కుకెళ్లి మూడోది వస్తది" అన్నాడు. అదే వచ్చింది. మూడో పరుగులో మా వైపున్న గుర్రమే గెలిచేస్తోందని నేను కేక పెడితే, "మనం పక్కకున్నం గదా మేడం, ఇటుదిక్కుది ముందున్నట్టే కనవడతది" అని, గెలిచేది అవతలి గుర్రమని చెప్పాడు. అదే గెలిచింది. మంచి చూపున్న నేను గుడ్డిదానిలా నిలబడ్డాను. పక్కనున్న మనిషి కళ్లు చికిలించి, జరగబోయేది చెబుతున్నాడు. అంత విద్యను నేను ఏ కంటి డాక్టరు దగ్గరా చూడలేదు.

ఐదో పరుగుకు ముందు బాలమణి నడుముకు దోపుకున్న గుడ్డ సంచి తీసి భర్త చేతికిచ్చింది. రన్నింగ్ పందేలు తీసుకునే గళ్లచొక్కా మనిషి రెండు గజాల దూరంలో నిలబడ్డాడు. చెయ్యెత్తి నంబరు చెబితే పందెం అయిపోయినట్టే.

గుర్రాలు మలుపు తిరిగాయి. ఒకటి మిగతావాటికి అందనంత ముందుంది. జనమంతా దాని పేరే అరుస్తున్నారు.

"ముందటిది రాదు, వెనక నల్లది" అన్నాడు నర్సింలు.

"నల్లదానికి ఎనిమిది!" అని గళ్లచొక్కా అరిచాడు.

నర్సింలు చెయ్యి లేచింది. భుజం దాకా లేచి ఆగిపోయింది. కమ్మీల మీదికి వంగి, గొంతు చించుకుని అరవసాగాడు.

"దించు! దించురా, దించు!"

"ఎంతనో చెప్పన్నా! టైం లేదు!" అని గళ్లచొక్కా మనిషి నర్సింలు భుజం పట్టి ఊపుతున్నాడు. ఈయనకు వినిపించడం లేదు. అన్ని వేలమందిలో ముందున్న ఆ గుర్రాన్ని ఉరకమననివాడు ఈ ఒక్కడే.

ఆ తర్వాతే మిగతా అందరికీ కనిపించింది. ముందున్న గుర్రం తడబడింది, వేగం తగ్గింది. జాకీ కళ్లెం లాగి కిందికి దూకాడు. అది కుడి ముందుకాలు నేలకు ఆనించకుండా నిలబడింది. నల్లది దాన్ని దాటుకుంటూ వెళ్లి గెలిచింది.

"పైసలు చేతిల పట్టుకొని ఒర్లుకుంట నిలవడ్డవ్ గదన్నా!" అని గళ్లచొక్కా మనిషి తల కొట్టుకున్నాడు.

ఒప్పుకుంటాను, నాకూ కోపమొచ్చింది. "నల్లది వస్తుందని తెలుసు కదా, చెయ్యెందుకు ఎత్తలేదు?" అని గద్దించాను.

"దాని కాలు నొస్తున్నది మేడం. అది చూసినంక నాకింకేం యాది లేదు."

బాలమణి ఇక దులిపేస్తుందనుకున్నాను. ఆమె సంచి తీసుకుని మళ్లీ నడుముకు దోపుకుంది.

"నేను పనికొచ్చిన కొత్తల మేడం, నాలుగంతస్తుల మీదికి తట్ట మోస్తుంటి. జరమున్నది. చెప్తే కూలి పోతదని ఎవ్వల్కి చెప్పలె. గీయన కిందికెళ్లి గిట్లనే ఒర్రిండు, దించూ అని. తట్ట దించిన్నో లేదో కండ్లు తిరిగి పడ్డ. నెత్తి మీద తట్టుంటే అంచుకెళ్లి కిందికే పోతుంటి."

నర్సింలు మా వైపు చూడలేదు. ఆ గుర్రాన్ని బండి ఎక్కించి తీసుకుపోయే దాకా కమ్మీల దగ్గరే నిలబడ్డాడు.

ఆ మిల్లర్ వేరేవాళ్లకు పోయింది. ఆ సీజన్‌లో వీళ్లు మళ్లీ రేసులకు వెళ్లలేదు. కళ్లజోడు మాత్రం నేను తిరిగి ఇచ్చాను. లారీలొచ్చినప్పుడు పెట్టుకుని, స్లాబ్ రోజున తీసి జేబులో వేసుకొమ్మని చెప్పాను. అప్పటి నుంచి పవర్ రాసే ముందు ప్రతి మనిషినీ, "ఈ కళ్లతో మీరేం చూడాలి?" అని అడుగుతున్నాను. నా చార్టులో చివరి వరుస చదివినవాళ్లు చాలామందే వచ్చిపోయారు. మైదానం అవతలి నుంచి నొప్పిని చదివిన మనిషిని మాత్రం నేను ఒక్కణ్నే చూశాను.