టేపు చుట్టని జాయింటు

2021 చలికాలం. అప్పటికి పదేళ్లకు పైగా వనపర్తిలో ఒక కేబుల్ కంట్రోల్ రూములో టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ల ఆపరేటర్లు మా దగ్గర సిగ్నల్ తీసుకుని ఇళ్లకు ఇస్తారు. వాళ్ల లైనులో అంతుచిక్కని లోపం వస్తే, చేతిలో పట్టే సిగ్నల్ మీటరు తీసుకుని నేను వెళ్లేవాణ్ణి.

గద్వాల నుంచి పద్మ ఫోన్ చేసింది. ఆమె భర్త ఆంజనేయులు అక్కడ లైను నడిపేవాడు. ఆ ఏడు వానాకాలంలోనే పని చేస్తూ నిచ్చెన జారి పడ్డాడు. కర్నూలు దవాఖానకు తీసుకెళ్లినా దక్కలేదు. లైను అమ్మేయమని బంధువులు చెప్పినా వినకుండా ఆమే నడుపుతోంది. మగ్గాల గల్లీలో రోజూ పొద్దున టీవీలో బొమ్మ గడులు గడులుగా విరిగిపోతోందని, బాక్సులు మార్చినా, ఇళ్లలోకి వెళ్లే వైర్లు మార్చినా లాభం లేదని చెప్పింది. ఆడమనిషి చేతిలో లైను ఆగమైందని గల్లీవాళ్లు డిష్‌లు పెట్టుకునే ఆలోచనలో ఉన్నారట.

నేను వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. మేం ముఖ్యంగా రెండు చూస్తాం. లెవెల్ అంటే సిగ్నల్ ఎంత బలంగా ఉందో, ఎంఈఆర్ అంటే ఎంత శుభ్రంగా ఉందో. ఏ ఇంట్లో పెట్టి చూసినా రెండూ బాగానే ఉన్నాయి. నేను మీటరు సంచిలో పెడుతుంటే పద్మ ముఖం చిన్నబోయింది.

"నేను అబద్ధం చెప్తలేనన్నా. ఒక్కసారి పొద్దుగాల చూడుర్రి" అంది.

ఆ రాత్రి గద్వాలలోనే ఉండిపోయాను. తెల్లవారకముందే గల్లీకి వెళితే పద్మ శాలువా కప్పుకుని నిలబడి ఉంది. మంచి చలి. సిగ్నల్‌కు బలం పెంచే పెట్టెను యాంప్లిఫయర్ అంటాం. దాని దగ్గర మొదలుపెట్టి ఇల్లిల్లూ కొలుచుకుంటూ నడిచాం. సగం గల్లీ దాకా లోపం లేదు. మూలమీది ఇనుప స్తంభం దాటగానే మొదటి ఇంట్లో లెవెల్ పడిపోయింది. ఆ ఇల్లు నేత పనిచేసే వీరన్నది. టీవీలో బొమ్మ ముక్కలై కదలకుండా ఉంది.

లోపం ఆ స్తంభం మీదే ఉందని, నిచ్చెన కావాలని చెప్పాను.  పద్మ స్తంభం వైపు చూడకుండానే, పక్క గల్లీ నుంచి కొత్త వైరు లాగితే సరిపోదా అని అడిగింది. ఎందుకంత ఖర్చు అని నేనంటుంటే, వీరన్న నా చేయి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ఆంజనేయులు పడింది ఆ స్తంభం మీది నుంచేనని చెప్పాడు. ఆనాడు గల్లీలో బొమ్మ పోతే బాగుచేయడానికి ఎక్కాడట. అప్పటి నుంచి ఆ స్తంభాన్ని ఎవరూ ముట్టలేదు.

"ఆయన పడ్డంక బొమ్మ వచ్చింది సారూ. పని అయిపోయిందనే అనుకున్నం" అన్నాడు.

 వెనక్కి తిరిగి చూస్తే పద్మ వీరన్న ఇంటి గోడ వెంట ఉన్న నిచ్చెనను ఒక్కతే లాగుతోంది. ముగ్గురం కలిసి స్తంభానికి ఆనించాం. నేను బెల్టు కట్టుకుని ఎక్కుతుంటే కింద ఆమె నిచ్చెనను రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

దారిలో చూసిన, ఆంజనేయులు వేసిన కేబుల్ జాయింట్లన్నిటికీ వాన తగలకుండా నల్లటేపు పొందికగా చుట్టి ఉంది. ఈ ఒక్కదానికి లేదు. కేబుల్ కొసకు బిగించే కనెక్టర్ వేలితో తిప్పగానే కదిలింది. లోపలి రాగితీగ ఆనుకుని ఉందే తప్ప బిగుసుకోలేదు. చలికి తీగ కుంచించుకుని లోపలికి జారుతోంది, ఎండెక్కాక సాగి మళ్లీ తగులుతోంది. వానాకాలంలో అంత చలి ఉండదు, అందుకే అప్పుడు ఏ లోపమూ తెలియలేదు. కొత్త కనెక్టర్ వేసి బిగించాను. వీరన్న ఇంట్లో బొమ్మ నిలిచింది.

కిందికి దిగాక చూసింది చూసినట్టు చెప్పాను. ఆమె చాలాసేపు పైకే చూసింది.

"ఆయన పని తప్పు చేసిండా అన్నా?"

"తప్పు చెయ్యలే చెల్లే. పని ఒడువలే, నడుమల ఆగింది, గంతే."

అప్పుడు ఏడ్చింది. ఆయన పోయినప్పుడు కూడా తమ ముందు ఇట్లా ఏడవలేదని వీరన్న తరువాత నాతో అన్నాడు. కళ్లు తుడుచుకుని, టేపు ఎవరు చుడతారని అడిగింది. నేనే ఎక్కుతానన్నాను. వద్దని తల ఊపి బెల్టు అడిగి తీసుకుంది. చీర కుచ్చిళ్లు దోపుకుని, ఒక్కో మెట్టు మీద ఆగుతూ ఎక్కింది. వీరన్నా నేనూ నిచ్చెన పట్టుకున్నాం. తొందరపడకుండా చుట్టింది. అప్పటికి మగ్గాల చప్పుడు మొదలైంది. గల్లీలో నలుగురైదుగురు బయటికొచ్చి నిలబడి చూశారు.

గద్వాలలో ఆ లైను ఇప్పటికీ పద్మదే. సిగ్నల్ ఎక్కడ ఆగిందో మీటరు చూపిస్తుంది. ఎందుకాగిందో దానికి తెలియదు. ఏ ఊరికి వెళ్లినా ఇప్పుడు నేను మీటరు తీయకముందే, ఈ లైను ఎవరు వేశారు, వాళ్లు ఎలా ఉన్నారు అని అడుగుతాను.