ఇస్రాయేలన్న టార్పాలిన్

మేళ్లచెరువు సిమెంటు డీలరు ఇస్రాయేలన్నకు ఈ లోకంలో ఏదీ తడవకూడదు. అదొక్కటే ఆయన జబ్బు. మబ్బు కనిపిస్తే చాలు, చంకలో మడతపెట్టుకున్న నీలం టార్పాలిన్ విప్పి, ఎదురుగా ఏముంటే దాని మీద కప్పేస్తాడు. కొత్తకోటలో నా సిమెంటు షాపు ఓపెనింగు రోజు నాలుగు చినుకులు పడ్డాయి. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషిని చేతిలో కత్తెరతో సహా కప్పేశాడు. ఆయన లోపలి నుంచి అరుస్తుంటే, "జర ఆగు సారూ, గీ మబ్బు పోనీ" అని బయటి నుంచి ఓదార్చాడు.

సిమెంటు అమ్మేవాళ్లకు వానంటే భయం ఉండడం మామూలే. పైగా ఇస్రాయేలన్న షాపు ముందు బెంచీలుండవు. ఎప్పుడో వానకు తడిసి రాయైపోయిన సిమెంటు బస్తాలే ఉంటాయి. వచ్చినవాళ్లందరం వాటి మీదే కూర్చుని టీ తాగుతాం. పాపం, ఆ దెబ్బతోనే మనిషి ఇలా అయిపోయాడని డీలర్లమంతా అనుకునేవాళ్లం.

పోయిన మే నెలలో, అమ్మకాలు బాగున్నాయని సిమెంటు కంపెనీవాళ్లు మమ్మల్ని భార్యలతో సహా నార్వే తీసుకెళ్లి ఓడలో తిప్పారు. అందరి సూట్‌కేసుల్లో పచ్చళ్లు, ఇస్రాయేలన్న సూట్‌కేసులో టార్పాలిన్. భార్య జానమ్మ వదిన స్వెట్టర్లు తీసేసి మరీ పెట్టాడట. ఓడ పైన ఈతకొలను దగ్గర మబ్బు వంక చూస్తూ ఆయన చాలాసేపు నిలబడ్డాడు. వాన పడితే అందులో నీళ్లు తడుస్తాయని బెంగేమోనని మేం పడీపడీ నవ్వాం.

ఉత్తరాన ఓ చిన్న రేవులో దిగామో లేదో, వాన అందుకుంది. కూత విని వచ్చేయకపోతే ఓడ వదిలేసి వెళ్తుందని కంపెనీ తరఫున మా వెంట వచ్చిన నిరోష ఒకటికి పదిసార్లు చెప్పింది. మేమంతా వణుక్కుంటూ ఒక కాఫీ కొట్టులో దూరాం. కొంతసేపటికి చూస్తే ఇస్రాయేలన్న లేడు, వదినా లేదు.

వెతుక్కుంటూ వెళ్లి, కొట్ల వెనక సందు తిరగ్గానే కొయ్యబారిపోయాను. ఇంటికంటే ఎత్తున కట్టెల పందిరి, దాని నిండా తలలు తీసిన చేపలు జంటజంటలుగా వేలాడుతున్నాయి. ఇస్రాయేలన్న నిచ్చెనెక్కి వాటిని తీసి కింద పడేస్తున్నాడు. వదిన ఏరి టార్పాలిన్ కిందికి తోస్తోంది. పరాయి దేశంలో, పట్టపగలు, చేపల దొంగతనం!

"అన్నా, ఏం చేస్తున్నవే?" అన్నాను.

"కండ్లు కనవడ్తలేవా తమ్మీ? ఎవరో ఎండవెట్టుకున్న చేపలు, వానకు తడుస్తున్నయ్. మన నందికొండల చేపలు ఎండవెట్టినప్పుడు గిట్ల మబ్బు వడితే ఊరంతా ఉరుకుతరు. ఈడ ఒక్కలు వస్తలేరు. ఆ కొస పట్టు."

కొస పట్టాను. అంతలో నిరోష పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే పసుపు రెయిన్‌కోటులో ఓ ముసలామె. పందిరి ఆమెదే. ఖాళీ అయిన మూలను, కింద కుప్పను, నిచ్చెన మీది మనిషిని చూసి ఆమె నోరు తెరిచింది, మళ్లీ మూయలేదు. ఈమె పోలీసులను పిలిస్తే ఓడ మాట దేవుడెరుగు, ఇస్రాయేలన్న మళ్లీ మేళ్లచెరువు ముఖం చూస్తాడా?

నిరోష ఇంగ్లీషులో బతిమాలింది. ముసలామె చెప్పింది విని తల పట్టుకుంది. అవి తడవాల్సినవేనట. వానా గాలీ మంచూ ఎండా అన్నీ తగిలేలా నెలల తరబడి బయట వేలాడదీయడమే అక్కడి పద్ధతట. కప్పితేనే పాడైపోతాయట.

ఇస్రాయేలన్న నిచ్చెన మీద బిగుసుకుపోయాడు. కప్పితే పాడయ్యే వస్తువు లోకంలో ఒకటుందన్న సంగతి ఆయనకు పిడుగే. అప్పుడే రేవులో ఓడ కూత వేసింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. అది చూసి వదినకు మండింది.

"నవ్వుతున్నవా మరిదీ? షాపు ముంగట మీరు కూసునే బస్తాలు ఎట్ల రాయైనయో ఎరుకేనా? ఆనాడు వానొస్తే గీ పట్టా తీస్కపోయి బజార్ల ఉప్పలమ్మ ఎండవోసిన మిరపకాయల మీద కప్పిండు. మన సిమెంటు తడుస్తాందయ్యా అంటే, మనకు మళ్ల వస్తది, ఆమెకు గదొక్కటే ఆధారం అన్నడు."

ఇన్నేళ్లూ ఆ బస్తాల మీదే కూర్చుని, ఆయన పోయించిన టీ తాగుతూ, ఆయన్నే ఎగతాళి చేశాం.

నిరోష ఆ మాటలే ముసలామెకు చెప్పినట్టుంది. ఆమె పకపకా నవ్వి తనే నిచ్చెన పట్టుకుంది. అందరం కలిసి చేపల్ని మళ్లీ వేలాడదీశాం. ఒక్కో జంటనూ వానకు అప్పగిస్తుంటే ఇస్రాయేలన్న మొహం చూడలేకపోయాం.

ఓడ మళ్లీ కూసింది. పరుగెత్తబోతుంటే ముసలామె ఇస్రాయేలన్నను చెయ్యి పట్టి ఆపింది. అప్పుడు చూశాను, మనిషి నిలువెల్లా తడిసి ముద్దయి ఉన్నాడు. టార్పాలిన్ మాత్రం చంకలో మడతపెట్టి ఉంది. దాన్ని ఆయన తన నెత్తిన కప్పుకోగా నేనెప్పుడూ చూడలేదు. ముసలామె తన రెయిన్‌కోటు విప్పి ఆయనకు తొడిగి, మెడదాకా బొత్తాలు పెట్టి, వాళ్ల భాషలో ఏదో గదమాయించింది.

"ఏమంటాంది?" అన్నాడాయన బిత్తరపోయి.

"ఇంకేమంటది? నువ్వు అందరికి చెప్పేదే," అంది వదిన.

నాలుగడుగులు వేశాడో లేదో, వెనక్కి తిరిగి చూసి గుండెలు బాదుకున్నాడు. ఇప్పుడు ఆమె తడుస్తోంది. మేం వద్దు వద్దంటున్నా వెనక్కి ఉరికాడు.

ఎలా ఎక్కామో, ఆయన్ని లాక్కొచ్చి ఓడెక్కాం. అది కదిలాక పైనుంచి చూస్తే, రేవు మీద ఓ నీలం టార్పాలిన్ నిలబడి మాకు చెయ్యూపుతోంది.